ఆ 61 రోజులు సరే, మిగిలిన 304 రోజుల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15న మొదలయ్యే సముద్ర వేట నిషేధం జూన్ 14 అర్ధరాత్రితో ముగుస్తుంది. ఆ మర్నాటి పత్రికల్లో బోట్లకు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయలు కొడుతున్న ఫొటోలు, రేవుల్లో బారులు తీరిన ఐసు లారీల ఫొటోలు వస్తాయి. మళ్ళీ ఏప్రిల్ వచ్చే దాకా సముద్రం వార్తల్లోకి ఎక్కాలంటే తుఫానైనా రావాలి, రెండు ఊళ్ళ మధ్య తగవైనా జరగాలి. ఇందుకు పత్రికలను తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మన రాష్ట్ర మత్స్యశాఖ పనితీరు కూడా ఇంచుమించు ఇలాగే సాగుతోందన్నది నా బాధ. నిషేధం ఉన్న 61 రోజులూ చట్టం ఉన్నట్టు అందరికీ తెలుస్తుంది. తక్కిన 304 రోజులూ ఎవరి బలం కొద్దీ వారు సముద్రాన్ని తోడుకుంటున్నారు.

నేను వేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టి, ఉద్యోగం చేసి రిటైరై, తిరిగి తీరానికే చేరినవాణ్ణి. నిషేధాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే వేసవిలో మరబోట్లనూ మోటారు బిగించిన నావలనూ ఒడ్డుకు కట్టేయాలన్న ఏర్పాటు తూర్పు తీరమంతటా ఒకేసారి అమలవుతుంది. దాని గడువును 2015లో 61 రోజులకు పెంచారు. పని లేని ఆ రెండు నెలలకు ఇచ్చే భృతి 2019లో రూ.10,000 అయింది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా అది రూ.20,000 అయింది. ఆ ఒక్క విడతలోనే 1,29,178 కుటుంబాలకు దాదాపు రూ.258 కోట్లు అందాయి. డీజిలు మీద లీటరుకు రూ.9 రాయితీ దీనికి అదనం. కడుపు కట్టుకుని ఒడ్డున కూర్చున్నవాడికి ఇచ్చే ఈ సొమ్మును దండగ అనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

అయితే ఈ సొమ్ము చేరవేయడానికి శాఖ సిబ్బంది పడే పాట్లు దగ్గరగా చూసినవారికి ఇంకో సంగతి తెలుస్తుంది. బోటు రిజిస్ట్రేషను నంబరు సరిగా ఉందా, లైసెన్సు గడువు దాటిందా, బోటు నిజంగా రేవులోనే ఉందా, ఒక్కో బోటుకు పరిమితికి మించి కలాసీల (బోటు మీద పనిచేసేవారి) పేర్లు ఎక్కాయా, ఆధారుకు బ్యాంకు ఖాతా అనుసంధానమైందా, ఒకే ఇంట్లో రెండు పేర్లు వచ్చాయా అన్న వడపోత గ్రామ మత్స్య సహాయకుడి దగ్గర మొదలై జిల్లా అధికారి దాకా నడుస్తుంది. జాబితా అంటించాక అభ్యంతరాలు, అవి తీర్చాక మళ్ళీ జాబితా. ఇంత శ్రద్ధ ఇంకే పనిలోనూ కనిపించదు కాబట్టి తీరంలో జనానికి మత్స్యశాఖ అంటే భృతి జాబితా తయారు చేసే ఆఫీసుగానే తెలుసు. సముద్రంలో ఎంత చేప ఉంది, ఏ వలతో ఎంత లాగుతున్నారు, వచ్చే ఏటికి ఏం మిగులుతుంది అన్నవి చూడవలసింది కూడా ఆ ఆఫీసేనన్న మాట మరుగున పడిపోయింది.

చట్టం లేదనడానికి వీల్లేదు. రాజ్యాంగం ప్రకారం చేపల వేట రాష్ట్రాల జాబితాలోని విషయం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా సముద్రంలో వేటను క్రమబద్ధం చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. కేంద్రం 1979లో నమూనా బిల్లు పంపితే కేరళ, గోవా మరుసటి ఏడాదే చట్టాలు చేసుకున్నాయి. మనం 1994 దాకా ఆగాం. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో అన్నింటికన్నా ముఖ్యమైనది తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సముద్రాన్ని తెప్పలు, నావల మీద వేటాడే సంప్రదాయ మత్స్యకారులకు విడిచిపెట్టడం. మరబోట్లు ఆ గీత దాటి ఆవలకు వెళ్ళి వేటాడాలి.

ఆ గీత కాగితం మీద ఉన్నంత స్పష్టంగా నీళ్ళ మీద ఉండదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో జాలారిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య, చేపల గుంపును చుట్టుముట్టి పట్టే రింగు వలల విషయమై జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. సముద్రంలోనే రెండు పక్షాలూ తలపడ్డాయి, బోట్లు తగలబడ్డాయి, ఒడ్డున 144వ సెక్షను పెట్టారు, మంత్రులు కూర్చోబెట్టి మాట్లాడారు. అసలు తగవు దేని మీద? రింగు వల ఎక్కడ వేశారన్నదాని మీదా, దాని కన్ను (వల రంధ్రం) ఎంత ఉందన్నదాని మీదా. ఈ రెండూ కొలిస్తే తేలిపోయేవే. కొలిచి చెప్పవలసిన వారెవరూ ఆ సమయానికి నీళ్ళ మీద లేకపోవడం వల్ల కొలతతో తేలవలసిన విషయం కర్రలతో తేల్చుకునే దాకా వెళ్ళింది. తనిఖీకి వెళ్ళాలంటే తరచూ మెరైన్ పోలీసుల వైపో, కోస్టుగార్డు వైపో చూడవలసి వచ్చే శాఖ నుంచి ఇంతకన్నా ఏం ఆశించగలం అనే అధికారులూ ఉన్నారు. వారి ఇబ్బంది నిజమే, కానీ అది 1994 నుంచీ ఉన్న ఇబ్బంది.

పైగా రాష్ట్రమంతటికీ ఒకే 8 కిలోమీటర్ల గీత గీయడంలోనే ఒక చిక్కుంది. మన జాలర్లు సముద్రాన్ని కిలోమీటర్లలో కాకుండా బారల లోతులో లెక్కపెట్టుకుంటారు. విశాఖ దగ్గర ఒడ్డు వదిలిన కొంత దూరానికే లోతు దిగిపోతుంది. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల, నిజాంపట్నం వైపు, ఎంతో దూరం వెళ్ళినా లోతు అంతంతమాత్రమే. అక్కడ 8 కిలోమీటర్ల అవతల కూడా మరబోటు వెనక ఈడ్చుకుపోయే ట్రాలు వల అడుగు బురదను గీరుకుంటూ వెళ్తుంది. ఆ బురదలోనే రొయ్య పిల్లలు, పీతలు పెరుగుతాయి. దూరానికి తోడు లోతును కూడా లెక్కలోకి తీసుకుని, జిల్లాకు తగ్గట్టు గీతను సవరించాలన్న ఆలోచన శాఖ స్థాయిలో ఎందుకు ముందుకు రాదో నాకు అర్థం కాదు. 2025 నవంబరులో కేంద్రం 12 మైళ్ళ ఆవలి సముద్రానికి కొత్త నిబంధనలు తెచ్చి, మరబోట్లకు అనుమతి పాసు తప్పనిసరి చేసింది. బయటి సముద్రానికి లెక్కాపత్రం ఏర్పడుతున్నప్పుడు రాష్ట్రం చేతిలోని లోపలి సముద్రం పాత పద్ధతిలోనే ఉండిపోతే, పాసు దొరకని బోట్లన్నీ ఒడ్డు వైపే మళ్ళే ప్రమాదం ఉంది.

ఇప్పుడు చేతికి ఒక సాధనం వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద దేశంలో లక్ష బోట్లకు ఇస్రో సాంకేతికతతో తయారైన ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా అమరుస్తున్నారు. తుఫాను కబురు అందడానికి, ఆపదలో ఉన్నామని ఒడ్డుకు చెప్పడానికి, పొరుగు దేశపు సరిహద్దు దగ్గరైతే హెచ్చరిక రావడానికి అవి పనికొస్తాయి. బోటు ఏ సమయంలో ఎక్కడ ఉందో కూడా వాటి ద్వారా తెలుస్తుంది. ఇదే బోటు యజమానులకు గుబులు. చేప దొరికే చోటు బోటు నడిపే ఒక్కో సరంగుకు సొంత ఆస్తి లాంటిది, దాన్ని నలుగురికీ తెలిసేలా చేయడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆ గుబులు తీరాలంటే, ఆ సమాచారాన్ని ప్రాణరక్షణకూ, 8 కిలోమీటర్ల లోపల వేటాడారా లేదా అన్న తగవు వచ్చినప్పుడు నిజం తేల్చడానికీ తప్ప మరి దేనికీ వాడబోమని శాఖ రాతపూర్వకంగా ప్రకటించాలి. 2022 జనవరిలో అలాంటి ఆధారం ఒకటి చేతిలో ఉండి ఉంటే ఎన్ని బోట్లు మిగిలేవో కదా.

నీళ్ళ మీద కాపలా కాయడం కష్టమే అనుకుందాం. పట్టిన చేప ఎటూ ఒడ్డుకే రావాలి. మా దగ్గరి రేవులో తెల్లవారుజామున ట్రాలు బోటు దిగుమతి చూడండి. ముందు వంజరాలు, చందువలు, పెద్ద రొయ్యలు బుట్టల్లో దిగుతాయి, వాటి చుట్టూ వేలం పాటగాళ్ళు మూగుతారు. తర్వాత రకాల వారీగా ఏరిన మధ్యరకం చేప దిగుతుంది. అందరూ ఇటు వేలంలో ఉండగా అటు పక్క నుంచి ప్లాస్టిక్ టబ్బుల్లో ముద్దలా ఉన్న సరుకు నేరుగా వ్యానులోకి ఎక్కుతుంది. అది చేపల పొడి తయారు చేసే మిల్లులకు పోతుంది. ఆ ముద్దలో చేయి పెట్టి కలిపితే జానెడు కూడా లేని సావళ్ళు, బొటనవేలంత కానాగంతలు, పేరు పోల్చుకోవడానికి కూడా వీల్లేనంత చిన్న పీతలు కనిపిస్తాయి. ఇవి ఏడాది ఆగితే బుట్టలో, వేలంలో ఉండవలసినవి. వీటిని బోటువాడు అమ్ముకునేది డీజిలు ఖర్చులో కొంతైనా రాబట్టుకోవడానికే. అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. రెండు నెలలు పస్తుండి గుడ్లు పెట్టనిచ్చిన చేపల పిల్లలను నిషేధం ఎత్తేసిన కొన్ని నెలలకే పొడి కింద కొట్టిస్తుంటే, ప్రభుత్వం పోసిన ఆ రూ.258 కోట్లు దేనిని కాపాడినట్టు?

కేరళ ఈ పనిని సముద్రంలో కన్నా రేవులోనే ఎక్కువగా చేస్తోంది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సిఫారసుల మీద 58 రకాలకు కనీస పరిమాణం నిర్ణయించి, అంతకు చిన్న చేపను పట్టడం, అమ్మడం నేరమని చెప్పింది. కవళ్ళకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14, సావళ్ళకు 46 సెంటీమీటర్లు, అంటే మన మూరెడు. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను చెప్పబోవడం లేదు. అక్కడి పత్రికల్లో కూడా చిన్న చేప పట్టిన బోట్లను పట్టుకున్నారన్న వార్తలు వస్తూనే ఉంటాయి. అలాంటి వార్త రావడమే తేడా. నేను చూసిన రేవుల్లో అధికారి స్కేలు పట్టుకుని చేపను కొలవడం నాకు ఎదురుపడలేదు. కొలత పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వేలెడు నెత్తలి పూర్తిగా ఎదిగిన చేపే, దాన్ని ఎండబెట్టి అమ్ముకుని బతికే ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. చిన్నదల్లా పిల్ల చేపే అనుకునే అధికారి చేతికి స్కేలు ఇస్తే ముందు దెబ్బ పడేది బోటు యజమాని మీద కాకుండా ఆ గంపల మీదే. రకాల వారీగా కొలతలు ఉండాలని చెప్పడం ఇందుకే.

వల సంగతి కూడా ఇదే. ట్రాలు వల చివరి సంచిలో కన్ను వజ్రాకారంలో ఉంటుంది. బోటు లాగుతున్నకొద్దీ ఆ కన్ను సాగి మూసుకుపోతుంది కాబట్టి కొలతలో పెద్దగా ఉన్నా పిల్ల చేప బయటపడలేదు. అదే కన్ను నలుచదరంగా ఉంటే లాగేటప్పుడు కూడా తెరుచుకునే ఉంటుంది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎన్నో ఏళ్ళుగా ఈ మాట చెబుతోంది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం ఒకటి విశాఖలోనే ఉంది. వల మొత్తం మార్చనక్కర్లేదు, ఆ చివరి సంచి మారిస్తే చాలు. డీజిలు రాయితీ పొందే ప్రతి మరబోటుకూ ఆ సంచి ఉండాలన్న షరతు పెట్టడానికి, మొదటి సంచిని ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

సముద్ర తాబేళ్ళ విషయంలో ఇలాంటి ఉదాసీనతకు మూల్యం ఇప్పటికే చెల్లిస్తున్నాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. అదే సమయంలో ట్రాలు వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి కొట్టుకొస్తాయి. 2025 ఆరంభంలో కాకినాడ తీరంలో ఇలా చచ్చిన తాబేళ్ళ మీద ప్రభుత్వం విచారణకు ఆదేశించవలసి వచ్చింది. తాబేలు బయటికి పోయేలా వల మెడలో అమర్చే జల్లెడ లాంటి పరికరం ఎప్పటి నుంచో ఉంది. దాన్ని వాడటం లేదన్న కారణంతో మన దేశపు సముద్ర రొయ్యను అమెరికా కొన్నేళ్ళుగా దిగుమతి చేసుకోవడం లేదు. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు కాబట్టి రాష్ట్ర ఎగుమతుల పెద్ద లెక్కలో ఈ నష్టం కనబడదు. సముద్రపు టైగరు రొయ్యను తెచ్చి రేవులో దించే సరంగుకు మాత్రం ధరలో కనబడుతుంది. పరికరం పెడితే చేప కూడా జారిపోతుందని అతను అంటే, కొంత జారుతుందని ఒప్పుకుని, ఆ నష్టాన్ని కొన్ని సీజన్ల పాటు భర్తీ చేయడం శాఖ చేయగల పనే.

పెద్ద లెక్క మాట వచ్చింది కనుక చెప్పాలి. చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో ఉందన్నది నిజం. అందులో సింహభాగం కొల్లేటి చుట్టుపక్కలి, గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులది. రొయ్య మేత ధర, విద్యుత్తు రాయితీ, వైరసు తెగులు, ఎగుమతి సుంకం, వీటితోనే శాఖకు ఊపిరి సలపదు. సముద్రానికి దక్కేది మిగిలిన ధ్యాస. సముద్రపు చేప ఎంత పడుతోందో శాఖ ఒక లెక్క చెబుతుంది, రేవుల్లో నమూనాలు తీసి అంచనా కట్టే కేంద్ర పరిశోధన సంస్థ మరో లెక్క చెబుతుంది. రెంటికీ పొంతన ఉండదు. ఎందుకు ఉండదో వివరిస్తూ శాఖ ఒక్క పేజీ ప్రకటన ఇచ్చినా మేలే. పట్టుబడి పెరుగుతోందని ఒకరూ లేదని ఒకరూ అనుకుంటుండగా కొత్త బోట్లకు ఏ ఆధారంతో లైసెన్సులు ఇస్తారు? హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల ద్వారా చేప దొరికే చోట్లను ఎప్పటికప్పుడు చెబుతోంది. చేప ఎక్కడుందో చెప్పే ఏర్పాటు ఇంత పకడ్బందీగా ఉండి, ఎంత తీశారో చెప్పే ఏర్పాటు అంచనాల మీద నడవడం విడ్డూరం.

కొత్త హార్బర్ల గురించి రెండు మాటలు. జువ్వలదిన్నె, ఉప్పాడ, బుడగట్లపాలెం, పూడిమడక వంటి చోట్ల హార్బర్లు కావాలని అడిగినవారిలో నేనూ ఉన్నాను. ఊళ్ళో జెట్టీ లేకనే శ్రీకాకుళం కుర్రాళ్ళు గుజరాత్ బోట్లలో కూలికి వెళ్ళి, 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి, పద్నాలుగు నెలల చెర అనుభవించి 2020 జనవరిలో తిరిగి వచ్చారు. కానీ హార్బరు వస్తే బోట్లు పెరుగుతాయి. ఏ హార్బరుకు ఎన్ని బోట్లు అన్న పరిమితి పునాదిరాయి నాడే తేల్చాలి. కట్టాక తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఇన్ని చెప్పి కొత్త చట్టమో, కొత్త కార్పొరేషనో అడగడం లేదు. చేయదగినవి చిన్నవి ఉన్నాయి. తగవులు తీర్చడానికి ప్రతి హార్బరు పరిధిలోనూ ఒక కమిటీ వేసి, అందులో మరబోట్ల వారితో పాటు తెప్పల వారికీ, ఎండు చేపలు అమ్ముకునే ఆడవాళ్ళకూ చోటివ్వాలి. చేపల వ్యాపారం సగం వారి నెత్తి మీదే నడుస్తున్నా, భృతి జాబితాలో గాని, సమావేశాల్లో గాని వారి ఊసు రాదు. రొయ్య పిల్లలకు పురిటిల్లయిన మడ అడవులు అటవీశాఖ చేతిలో, వ్యర్థ జలాల గొట్టాలు కాలుష్య నియంత్రణ మండలి చేతిలో, ఓడరేవుల తవ్వకాలు మరొకరి చేతిలో ఉన్నాయి. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాడు ఎవరికి వారు చేతులు దులుపుకోకుండా, ఆ కమిటీ ముందుకు వచ్చి జవాబు చెప్పే ఏర్పాటు ఉండాలి.

ఇక ఏటా భృతి జాబితాను గ్రామ సచివాలయం గోడకు అంటిస్తున్నారు. అదే గోడ మీద ఇంకో కాగితం అంటించమని కోరుతున్నాను. ఆ రేవులో ఏ రకం బోట్లకు ఎన్ని లైసెన్సులు ఉన్నాయి, ఆ ఏడాది ఎన్ని టన్నుల చేప దిగింది, ఎన్ని బోట్ల వలలు తనిఖీ చేశారు, 8 కిలోమీటర్ల గీత దాటి లోపలికి వచ్చినందుకు ఎన్ని కేసులు పెట్టి ఎంత జరిమానా వసూలు చేశారు అన్న అంకెలు అందులో ఉండాలి. సున్నా అయితే సున్నా అనే రాయవచ్చు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో వచ్చే ఏప్రిల్ 15 లోగా దీన్ని మొదలుపెట్టడానికి ఇప్పుడున్న సిబ్బందే చాలు. ఏమైనా అడ్డంకి ఉంటే అదేమిటో అధికారులు మీ పత్రిక ద్వారానే తెలియజేయాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భీమునిపట్నం